కుచేలుడి అటుకులు, ఒక అమ్మ ఫోటో



ఆదివారం వీడియోలో కుచేలోపాఖ్యానం చెప్తూ మధ్యలో ఒకచోట ఆగిపోయాను. "అన్నా, మైక్ పోయిందా?" అని చాలామంది అడిగారు. మైక్ బాగానే ఉంది. చెప్పాలనుకున్న విషయం గొంతు దాటి రాలేదు. అది చెప్పడానికి అప్పటికి వాళ్ళ అనుమతి కూడా తీసుకోలేదు. ఇప్పుడు తీసుకున్నాను. ఆంటీ ఒకే షరతు పెట్టారు. "పేరు రాయకు, ఊరు రాయకు. తప్పు నీది కాబట్టి నీదనే రాయి." అలాగే రాస్తున్నాను.

ఇంజినీరింగ్‌లో నేనూ, నా స్నేహితుడూ నాలుగేళ్ళు ఒకే హాస్టల్ గదిలో ఉన్నాం. వాడికి చిన్నప్పుడే నాన్న పోయారు. అమ్మ మిషను కుట్టి చదివించింది. నెలకోసారి ఊరి నుంచి వచ్చే బస్సులో ఒక అట్టపెట్టె వచ్చేది. గోంగూర పచ్చడి, కారప్పొడి, సున్నుండలు. ఆ సున్నుండల్లో సగం నేనే తిన్నాను. ఈ లెక్క కాస్త గుర్తుపెట్టుకోండి.

కిందటేడు ఆవిడకి రొమ్ములో గడ్డ కనిపించింది. ఆరు నెలలు ఎవరికీ చెప్పలేదు. సంక్రాంతి అయ్యాక చూద్దాం, అప్పగించాల్సిన బట్టలు కుట్టేశాక చూద్దాం అనుకుంటూ గడిపేశారు. (మన అమ్మలందరూ ఇంతే. ఇది చదివాక ఒకసారి ఇంటికి ఫోన్ చేసి మీ అమ్మగారిని అడగండి. సిగ్గుపడకుండా అడగండి.) బయాప్సీలో హెర్2 పాజిటివ్ అని వచ్చింది. ముందు కీమో, తర్వాత ఆపరేషన్, ఆపైన రేడియేషన్, వీటితోపాటు 21 రోజులకోసారి ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షన్ ఏడాది పాటు తీసుకోవాలన్నారు డాక్టరుగారు. ఒకటి రెండు నెలల ఖర్చయితే ఎలాగో నెట్టుకొస్తాం. ఏడాది ఖర్చు అంటే మనిషి లోపల్లోపలే కుంగిపోతాడు.

వాడికి కంపెనీ ఇచ్చిన 5 లక్షల ఇన్సూరెన్స్ ఉండేది. మూడో నెలలో ఉద్యోగం పోయింది. దాంతోపాటే ఇన్సూరెన్సూ పోయింది. సాఫ్ట్‌వేర్ జీతగాడికి తెల్ల రేషన్ కార్డు ఎక్కడిది? ఆ కార్డు లేక ఆరోగ్యశ్రీ దారి కూడా వెంటనే తెరుచుకోలేదు. బండి అమ్మాడు. అమ్మ గాజులు బ్యాంకులో పెట్టాడు. ఇంతా అయ్యాక ఒక రాత్రి ఆసుపత్రి నుంచి నాకు ఒక ఫోటో పంపాడు. కింద ఏమీ రాయలేదు. మంచం మీద అమ్మ, కళ్ళు మూసుకుని ఉంది. తలకి కట్టుకున్న గుడ్డ జారిపోయింది. జుట్టు లేదు.

ఇప్పుడు నా ఘనకార్యం వినండి. రాత్రి పదకొండింటికి ఫోన్‌లోనే పోస్టర్ చేశాను. ఆ ఫోటో పెట్టి, పైన ఎర్రటి అక్షరాలతో "ఈ తల్లిని కాపాడండి" అని రాశాను. వాడి నంబరు వేశాను. కాలేజీ గ్రూపుల్లో, మా సత్సంగం గ్రూపులో, నా స్టేటస్‌లో పెట్టేశాను. వాడిని అడగలేదు. అడిగితే వద్దంటాడని తెలుసు. ఆ సంగతి ముందే తెలిసి కూడా చేశాను.

తెల్లారేసరికి 1,46,000 రూపాయలు వచ్చాయి. నిజం చెప్పాలంటే ఆ పొద్దున పూజలో కూర్చుని, కృష్ణుడు నన్ను చూసి మెచ్చుకుంటూ ఉంటాడనుకున్నాను.

తొమ్మిదింటికి వాడు ఫోన్ చేశాడు. అరవలేదు. "డిలీట్ చెయ్‌రా" అన్నాడు, అంతే. అప్పటికే ఆ పోస్టర్ చేతులు మారి మారి వాళ్ళ ఊరి గ్రూపుకి చేరింది. ఆంటీ దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒకావిడ ఫోన్ చేసి, "ఏంటి వదినా, ఇలా అయిపోయావు" అని ఏడ్చిందట. ఊళ్ళో ఎవరికీ జబ్బు సంగతి చెప్పలేదు ఆవిడ. కొడుకు దగ్గర కొన్నాళ్ళు ఉండొస్తానని చెప్పి వచ్చారు.

సాయంత్రం వెళ్ళాను. కాళ్ళ మీద పడదామనుకున్నాను గానీ ఆవిడ కుర్చీ చూపించి కూర్చోమన్నారు. "డబ్బు అడిగావని కాదు బాబూ నా బాధ. నేను కొండకి మొక్కుకుని గుండు చేయించుకుంటే, ఆ గుండుతో అందరి ముందూ తిరిగేదాన్ని, సిగ్గుపడేదాన్ని కాదు. అది స్వామికి నేనిచ్చిన జుట్టు. ఇది నేనిచ్చింది కాదు కదా, పోయిన జుట్టు. దాన్ని ఊరందరికీ చూపించావు."

నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక భాగవతం తీశాను. దశమ స్కంధంలో కుచేలుడి కథ నాకు కొత్తేం కాదు, వీడియోల్లోనే నాలుగుసార్లు చెప్పి ఉంటాను. కానీ తప్పు చేసినవాడు చదివితే అదే కథ వేరేగా కనిపిస్తుంది. సంస్కృత మూలంలో వ్యాసులవారు ఆ కథ మొదలుపెడుతూ ఆ బ్రాహ్మణుడి పేరే చెప్పరు. కృష్ణుడికి స్నేహితుడైన ఒకానొక బ్రాహ్మణుడు అంటారంతే. సుదాముడు అన్న పేరు సంప్రదాయంలో వచ్చింది. కుచేలుడు అన్నది చూడబోతే పేరే కాదు. చేలం అంటే బట్ట. కుచేలుడంటే చిరిగి మాసిన బట్టలు కట్టుకున్నవాడు. వ్యాసుడు ఆయన పేరు దాచి గౌరవిస్తే, లోకం ఆయన బట్టల చిరుగునే ఆయన పేరుగా చేసి పిలుస్తోంది. నా పోస్టర్ చేసిన పనీ అదే. నాలుగేళ్ళు నాకు సున్నుండలు పెట్టిన మనిషిని "జుట్టు లేని ఆవిడ" చేసేసింది.

ఇక ద్వారకలో ఏం జరిగిందో చూడండి. కృష్ణుడు ఎదురు వచ్చి కౌగిలించుకున్నాడు. తన పాన్పు మీద కూర్చోబెట్టి కాళ్ళు కడిగాడు. రుక్మిణీదేవి వింజామర వీచింది. తర్వాత మాట్లాడిందంతా సాందీపని గురుకులం గురించే. గురుపత్ని కట్టెల కోసం పంపితే అడవిలో వానలో చిక్కుకుని రాత్రంతా గడిపిన సంగతి. ఇల్లు ఎలా గడుస్తోంది, ఎంత కావాలి, ఎందుకొచ్చావు అన్న ప్రశ్నలు లేవు. ఆ బట్టలు చూస్తే కృష్ణుడికి అర్థం కాదా? అర్థమయ్యే అడగలేదు. కుచేలుడు నోరు తెరిచి అడగలేకపోయాడు. కృష్ణుడు అడగాల్సిన అవసరం రానివ్వలేదు. ఇచ్చింది కూడా ద్వారకలో పదిమంది చూస్తుండగా చేతిలో పెట్టి ఇవ్వలేదు. ఉత్త చేతులతో పంపించాడు. ఆయన ఇంటికి వెళ్ళి చూసుకుంటే గానీ ఇచ్చినట్టు తెలియలేదు. పుచ్చుకుంటుండగా చూసినవాడు ద్వారకలో ఒక్కడు కూడా లేడు.

మరి స్నేహితుడి కోసం పదిమందినీ అడగడమే తప్పా? ఈ ప్రశ్న నన్ను రెండు రోజులు తిప్పింది. జవాబు కూడా ఆ కథలోనే, అటుకుల దగ్గర ఉంది. అటుకులు ఆ ఇంట్లోవని మనం అనుకుంటాం. ఆ ఇంట్లో ఏమీ లేదు. మూలంలో కుచేలుడి భార్య నాలుగు పిడికిళ్ళ అటుకులు ఇరుగుపొరుగు ఇళ్ళలో అడిగి తెచ్చి, గుడ్డలో మూటకట్టి ఇచ్చింది. అంటే పరమాత్మ నోట్లో పెట్టుకున్న ఆ పిడికెడు చందా అటుకులే. ఏ ఇల్లాలు ఎంత వేసిందో ఎవరికీ తెలియదు. ఆ తల్లి అడగడానికి సిగ్గుపడలేదు, ఎందుకంటే తన ఇంటి కోసం తానే నిర్ణయించుకుని తానే అడిగింది. నేను మాత్రం ఆంటీ కోసం ఆంటీని అడక్కుండా అడిగాను. తేడా అక్కడుంది.

మూడో రోజు మళ్ళీ వెళ్ళి ఈ కథంతా ఆవిడకి చెప్పాను. విని నవ్వారు. "అడగడం తప్పని నేనెప్పుడు అన్నాను? పెళ్ళికి చదివింపులు రాసుకోమూ? అలా రాయి. ఒక పుస్తకం పెట్టు. రేపు వాళ్ళింట్లో కష్టమొచ్చినా, శుభకార్యమొచ్చినా తిరిగి పెట్టాలిగా" అన్నారు. పట్నంలో పుట్టి పెరిగినవాళ్ళకి చదివింపుల పుస్తకం తెలుసో లేదో. పెళ్ళిలో ఒక పెద్దమనిషి బల్ల వేసుకుని కూర్చుని, ఎవరు ఎంత చదివించారో రాస్తూ ఉంటాడు. అది దానాల చిట్టా కాదు. ఒకరింటి కార్యానికి అందరూ తలా ఒక చెయ్యి వేసిన లెక్క. తీసుకున్నవాడు తలవంచుకోనక్కర్లేదు, తన వంతు వచ్చినప్పుడు తానూ వేస్తాడు.

ఆ రాత్రి కూర్చుని కొత్తగా రాశాం. ఫోటో లేదు. పేరు, జబ్బు, ఎంత ఖర్చయింది, ఇంకా ఎంత కావాలి (6 లక్షలు), ఎందుకు కావాలి అన్నది ఆరు వాక్యాల్లో ఆవిడే చెప్పారు, వాడు టైప్ చేశాడు. "దయచేసి", "ఆదుకోండి" అన్న మాటలు ఆవిడే కొట్టేయించారు. ముందు డబ్బు పంపినవాళ్ళందరికీ, ఆ ఫోటో వాళ్ళని అడక్కుండా నేను పెట్టానని, తప్పు నాదని, కావాలంటే మీ డబ్బు తిరిగి పంపిస్తామని విడివిడిగా రాశాను. ఎవరూ వెనక్కి అడగలేదు. ఒకళ్ళిద్దరు మాత్రం ఆ ఫోటో తామూ షేర్ చేశామనీ, తీసేస్తున్నామనీ చెప్పారు.

మీలో ఎవరికైనా ఇలాంటి అవసరం వస్తుందేమో, పని సంగతులు కొన్ని చెప్తాను. మా క్లాసులో ఒకమ్మాయి సీఏ. తను చెప్పకపోతే మాకు తెలిసేది కాదు. బంధువులు కానివాళ్ళ దగ్గర నుంచి ఏడాదిలో మొత్తం 50,000 దాటి ఊరికే వచ్చిన డబ్బు, తీసుకున్నవాళ్ళ ఆదాయపు పన్ను లెక్కలోకి వస్తుంది. అందుకే ముందే తెలిసినవాళ్ళని అడగండి. మేం వీలైనంతవరకు పేషెంట్ నంబరు ఇచ్చి ఆసుపత్రి బిల్లింగ్‌కే నేరుగా కట్టమన్నాం. ఇలా ఒక మనిషికి ఇచ్చినదానికి 80జీ కింద మినహాయింపు రాదు, ఆ ముక్క ముందే చెప్పాం. చందాలు మొదలుపెట్టకముందే ప్రభుత్వ దారులన్నీ చూసుకోండి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, అది ప్రభుత్వానిది. ముఖ్యమంత్రి సహాయనిధికి, ప్రధానమంత్రి జాతీయ సహాయనిధికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. బిల్లుల అసలు కాగితాలు ఒక్కటి కూడా పారేయొద్దు. ఇవన్నీ ముందు చూసి ఉంటే మాకు ఆ 6 లక్షలు కాస్త తగ్గేవేమో.

డబ్బు రావడం మొదలయ్యాక మనుషులు కనిపించారు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ 200 ఇచ్చి, పుస్తకంలో తన పేరు కాకుండా తన తల్లి పేరు రాయమన్నాడు. ఒకాయన 25,000 పంపి, "ప్రూఫ్ కోసం పేషెంట్ ఫోటో పంపండి" అన్నాడు. భగవద్గీత 17వ అధ్యాయంలో దానం మూడు రకాలని కృష్ణుడు చెప్తాడు కదా. బదులు ఏదో ఆశించి ఇచ్చేది రాజసం. ఆదరం లేకుండా, చులకనగా ఇచ్చేది తామసం. ఆ శ్లోకాలు చెప్పేటప్పుడు ఎప్పుడూ ఇచ్చేవాడి వైపు నుంచే ఆలోచించాను. మధ్యలో నిలబడి అడిగేవాడు కూడా పుచ్చుకునేవాళ్ళని చులకన చెయ్యగలడని నా పోస్టర్ చూశాకే తెలిసింది. కాబట్టి ఆయన్ని అనే అర్హత నాకు లేదు. ఫోటో బదులు బిల్లు పంపాను. సరేనన్నాడు.

మా గదిలోనే ఉండే ఇంకో స్నేహితుడు మెసేజ్ చూసి కూడా ఏమీ పంపలేదు. మంచి ఉద్యోగం వాడిది. నేను వాడి గురించి ఇద్దరు ముగ్గురి దగ్గర తేలిగ్గా మాట్లాడాను. వాడికేం ఇబ్బంది ఉందో ఈ రోజుకీ నాకు తెలియదు. తెలుసుకోవాల్సిన పని కూడా నాకు లేదని అర్థమవడానికి మూడు నెలలు పట్టింది.

ఇంకో రకం సందేశాలు కూడా వచ్చాయి. వాటి గురించి గట్టిగానే చెప్తాను. "అది ఆమె ప్రారబ్ధం అన్నా, అనుభవించి తీరాలి, మధ్యలో మనమెవరం?" అని ఒక తమ్ముడు రాశాడు. వినయంగానే రాశాడు, శాస్త్రం అనుకునే రాశాడు. నాయనా, మన పన్ను నొప్పికి ప్రారబ్ధమని ఎవరమైనా ఊరుకుంటామా? అర్ధరాత్రి మందుల షాపు వెతుక్కుంటూ వెళ్తాం. కర్మ సిద్ధాంతం మనకి ఎదుటివాళ్ళ కష్టం దగ్గరే ఎందుకు గుర్తొస్తుంది? కురుసభలో ద్రౌపదికి అవమానం జరుగుతుంటే, అది ఆమె ప్రారబ్ధమని కూర్చున్న పెద్దల్ని మహాభారతం మెచ్చుకోలేదు. నోరు విప్పిన విదురుణ్ణి, వికర్ణుణ్ణి మెచ్చుకుంది. ఆమెకి ఆ కష్టం రావడం కర్మ అయితే, అది నీ కళ్ళ ముందు జరగడం నీ కర్మ. అక్కడ నువ్వేం చేస్తావన్నది నీ ఖాతాలో పడుతుంది. భాగవతం తొమ్మిదో స్కంధంలో రంతిదేవుడు 48 రోజులు తిండీ నీళ్ళూ లేకుండా ఉండి, దొరికిన అన్నాన్ని వచ్చినవాళ్ళకి పెట్టేసి, చివరికి మిగిలిన మంచినీళ్ళు కూడా ఇచ్చేస్తూ ఏం కోరుకున్నాడు? మోక్షం వద్దన్నాడు. ప్రాణులందరి బాధా తనకి రావాలని, వాళ్ళకి లేకుండా పోవాలని కోరుకున్నాడు. ఇది వాళ్ళ ప్రారబ్ధం అని రంతిదేవుడికి తెలియక కాదు.

కీమో ఆపేసి ఫలానా కషాయం తాగించమని నలుగురు చెప్పారు. ఏ స్తోత్రం చదివితే గడ్డ కరుగుతుందని ఇద్దరు అడిగారు. చరక సంహితలోనే చికిత్సకి నాలుగు పాదాలు చెప్పారు. వైద్యుడు, మందు, పరిచారకుడు, రోగి. స్తోత్రం రోగి మనసుకి బలం, చదవండి, నేనూ చదువుతాను. ఆంటీ కీమో ఎక్కేంతసేపూ విష్ణు సహస్రనామం వింటారు. కానీ మందు పాదాన్ని విరగ్గొట్టి స్తోత్రం మీద మంచాన్ని నిలబెట్టమని ఏ రుషీ చెప్పలేదు. డబ్బులు పంపినవాళ్ళు, ఆసుపత్రికి కార్లో తీసుకెళ్ళినవాళ్ళు, వాడు నిద్రపోవడానికి ఒక రాత్రి అమ్మ దగ్గర కూర్చున్నవాళ్ళు, వీళ్ళందరూ నా లెక్కలో ఆ మూడో పాదం.

మొత్తం 6,38,500 వచ్చింది. అనుకున్నదానికన్నా ఖర్చు కొంచెం తగ్గడంతో ఆపరేషన్, రేడియేషన్ అయ్యి, మిగతా ఇంజెక్షన్లకి పక్కన పెట్టాక కూడా 52,000 మిగిలాయి. వాడికి మళ్ళీ ఉద్యోగం వచ్చింది. ఆ 52,000 ఉంచుకో, గాజులు విడిపించుకో అన్నాను నేను. ఆంటీ ఒప్పుకోలేదు. "గాజుల కోసం అడగలేదుగా."

రఘువంశం ఐదో సర్గలో కౌత్సుడి కథ ఉంటుంది. గురుదక్షిణ 14 కోట్లు కావాలని రఘు మహారాజు దగ్గరికి వస్తాడు. అప్పటికే యాగంలో సర్వస్వం దానం చేసేసిన రఘువు మట్టిపాత్రతో అర్ఘ్యం తెచ్చి స్వాగతం చెప్తాడు. తర్వాత కుబేరుడు బంగారం కురిపిస్తే అంతా తీసుకెళ్ళమంటాడు రాజు. గురువుకి ఇవ్వాల్సినదానికన్నా ఒక్క నాణెం ఎక్కువ తీసుకోనంటాడు కౌత్సుడు. సాకేతంలో జనం ఇద్దరినీ మెచ్చుకున్నారట. నేనెప్పుడూ రఘువునే మెచ్చుకుంటూ చెప్పేవాణ్ణి ఈ కథ. కౌత్సుణ్ణి మాత్రం మా స్నేహితుడి ఇంట్లో మిషను ముందు చూశాను.

చదివింపుల పుస్తకం తీసి, రాసినవాళ్ళందరికీ మిగిలిన సంగతి చెప్పాం. ముగ్గురు తమ వంతు వెనక్కి తీసుకున్నారు. సంతోషంగా ఇచ్చేశాం, అందులో అనుకోవడానికేం లేదు. మిగతావాళ్ళు మీ ఇష్టమన్నారు. కీమో వార్డులో పక్క కుర్చీలో కూర్చునే ఒకావిడ మందుల బిల్లుకి కట్టమన్నారు ఆంటీ. వాళ్ళబ్బాయి చేత బిల్లింగ్ కౌంటర్‌లో కట్టించారు. ఆవిడ పేరు నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆంటీకి జుట్టు వస్తోంది, రింగులు రింగులుగా. ఇంకా ఐదు ఇంజెక్షన్లు ఉన్నాయి. తర్వాతది ఈ గురువారం. వాడికి కొత్త ఉద్యోగం, సెలవు దొరకదు. నేనే తీసుకెళ్తున్నాను. అందుకని ఈ వారం వీడియో గురువారం కాకుండా శనివారం వస్తుంది. ఏమనుకోకండి.

శ్రీకృష్ణార్పణమస్తు.